మౌస్ వదిలి కోడ్ పట్టాక

మొన్న కాలేజీ జూనియర్ ఒకడు వాట్సాప్ చేశాడు. "అన్నా, మూడేళ్లుగా జీఐఎస్‌లో ఉన్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా శాటిలైట్ ఇమేజ్ మీద ఇళ్లు, రోడ్లు గీయడమే పని. జీతం కదలట్లేదు. అన్నీ వదిలేసి అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సులో చేరిపోనా?"

వాడి స్థానంలో ఒకప్పుడు నేనే ఉన్నాను. సివిల్ ఇంజినీరింగ్ అయ్యాక మ్యాపింగ్ పనిలో చేరా. రోజుకిన్ని పాలిగాన్లని టార్గెట్. రెండేళ్లకి ప్రాజెక్ట్ అయిపోయింది. పన్నెండు మందిలో ఇద్దర్నే ఉంచుకున్నారు. వాళ్లు నాకన్నా వేగంగా గీసేవాళ్లేం కాదు. మేం గీసినదాంట్లో తప్పులు పట్టే స్క్రిప్టులు రాసేవాళ్లు. నేను బ్యాగు సర్దుకుని ఇంటికెళ్లా. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

పాత ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ వేసుకున్నా. అది ఉచితమే. అందులో ఏ టూల్ తెరిచినా కింద 'అడ్వాన్స్‌డ్' బటన్ ఉంటుంది. అక్కడ మనం చేస్తున్న పనిని పైథాన్ కమాండ్‌గా కాపీ చేసుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ రోడ్లని ఒక మండలం హద్దుతో చేత్తో క్లిప్ చేశా. ఆ కమాండ్‌ని ఫర్ లూప్‌లో పెట్టి మిగతా మండలాలకి నడిపించా. నా మొదటి ప్రోగ్రామ్ ఎనిమిది లైన్లు!

తర్వాత బోర్లా పడ్డా. చెరువుల చుట్టూ 500 మీటర్ల బఫర్ కావాలని 500 కొట్టా. మ్యాపంతా నిండిపోయింది. డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉంది కాబట్టి అది 500 డిగ్రీలు అనుకుంది. అక్షాంశంలో ఒక్క డిగ్రీయే సుమారు 111 కిలోమీటర్లు! యూటీఎం జోన్ 44కి, అంటే ఈపీఎస్‌జీ 32644కి మార్చాక సరిగ్గా వచ్చింది.

మన బలం ఇక్కడే ఉంది. హైదరాబాద్ 44వ జోన్‌లో, అనంతపురం 43లో, ఇచ్ఛాపురం 45లో పడతాయని మామూలు కోడర్‌కి తట్టకపోవచ్చు. ఏఐ కోడ్ రాసిచ్చినా, మన లేయర్ డిగ్రీల్లో ఉందో మీటర్లలో ఉందో చూసుకోవాల్సింది మనమే. అందుకే జూనియర్‌తో అన్నా: "ఫీల్డ్ వదలకురా, దానికి కోడ్ కలుపు."

ఏ వరసలో నేర్చుకోవాలి? ముందు పైథాన్‌లో లిస్టులు, లూపులు, ఫంక్షన్లు, ఫైళ్లు చదవడం. తర్వాత జియోపాండాస్. ఆపైన ఎస్‌క్యూఎల్, పోస్ట్‌జీఐఎస్. వీటితోపాటు గిట్. అన్నీ ఒకేసారి మొదలెట్టొద్దు. ఆఫీసులో ప్రతి వారం చేత్తో చేసే పని ఒకటి ఎంచుకోండి. దాన్నే కోడ్‌తో చేయండి. మొదట్లో రెట్టింపు టైమ్ పడుతుంది, ఫర్వాలేదు. ఫలితాన్ని మాత్రం మ్యాప్ మీద వేసి కళ్లతో చూడండి. ఆఫీసు డేటా గిట్‌హబ్‌లో పెట్టకండి, ఉద్యోగానికే ఎసరొస్తుంది. అందరికీ అందుబాటులో ఉన్న డేటాతో చేసి చూపించండి. నన్ను ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ అడగలేదు. ఆ చెరువుల స్క్రిప్టే తెరవమన్నారు. 500 కథ చెబితే నవ్వారు, తీసుకున్నారు.

నిన్న రాత్రి జూనియర్ స్క్రీన్‌షాట్ పంపాడు. నిండా ఎర్ర అక్షరాలు. "అన్నా, లూప్ ఆగిపోయింది."

"ఎన్నో ఫైల్ దగ్గర?"

"17."

"అంటే 16 అయిపోయాయి కదరా! 17వ దాంట్లో ఏముందో చూడు."