సాక్ష్యమా, సామాన్ల లెక్కా?

కిందటి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నేను సాక్ష్యం చెప్పాను. చర్చి అలవాట్లు తెలియని పాఠకులకు ఒక మాట: ఏడాదంతా దేవుడు మనకు చేసిన మేళ్లను నలుగురిలో నిలబడి చెప్పుకోవడాన్ని మేం సాక్ష్యం అంటాం. ఆ రాత్రి నా వంతు వచ్చినప్పుడు కొంగు తల మీదికి లాక్కుని, మైకు పట్టుకుని, "ఈ సంవత్సరం దేవుడు మాకు సొంత ఇల్లు అనుగ్రహించాడు" అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నా గొంతు కొంచెం వణికింది కూడా. కథలు రాసేదాన్ని కదా, ఎక్కడ ఆగాలో తెలుసు.

ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే బట్టలు కుట్టే అక్క నా పక్కనొచ్చి నిలబడింది. మా వీధిలో సగం మంది జాకెట్లు ఆమే కుడుతుంది. భర్త పోయి ఆరేళ్లయింది. ఇద్దరు పిల్లలు, అద్దె గది. "నేనూ అడుగుతానే ఉండా మా, ఆరేండ్ల నుంచి. మీకిచ్చిన దేవుడే కదా నాకూ! నా ప్రార్థనలో ఏం తక్కువైంది?" అంది. కోపంగా అనలేదు. కొలత సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. "దేవుడి సమయం వస్తుందిలే అక్కా" అని ఏదో గొణిగి బయటపడ్డాను. తర్వాత మూడు ఆదివారాలు ఆమె చర్చికి రాలేదు.

ఆ మూడు వారాలూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదంటే నమ్మండి. నేను చెప్పిన సాక్ష్యంలో అబద్ధం లేదు. అలాగని అది పూర్తి నిజమూ కాదు. దేవుడి పేరు చెప్పాను గానీ బ్యాంకు పేరు చెప్పలేదు. ఇరవై ఏళ్లపాటు నెలనెలా మా ఆయన జీతంలో వాయిదా పోతుందనీ, ముందుగా కట్టాల్సిన డబ్బు కోసం నా గాజులు రెండు తాకట్టులో ఉన్నాయనీ చెప్పలేదు. మా ఆయనది నెల జీతం గనక అప్పు పుట్టింది. బట్టలు కుట్టే అక్కకు ఏ బ్యాంకూ ఇరవై ఏళ్ల అప్పు ఇవ్వదు. ఆ తేడాను నేను భక్తిలో తేడాగా మార్చి మైకులో చెప్పాను.

నేనొక్కదాన్నే కాదు. ఈ మధ్య మా సాక్ష్యాలు వింటుంటే సామాన్ల లెక్క విన్నట్టే ఉంటుంది. దేవుడు కారిచ్చాడు, అమెరికా వీసా ఇచ్చాడు, పై అంతస్తు వేయించాడు. టీవీలో ఒకాయన వెయ్యి రూపాయలు విత్తనంగా పంపండి, నూరంతలు కోసుకోండి అంటాడు. మా రాయలసీమ రైతును అడగండి, విత్తనం వేసిన ప్రతివాడూ నూరంతలు కోసుకుంటాడేమో! వేరుశనగ వేసి వాన కోసం మొగులు వైపు చూసే ఇళ్లలో పుట్టిన మనకు ఆ లెక్క ఎట్లా రుచిస్తోందో నాకు అర్థం కాదు.

మా జేజిది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఆ ఊరు పేరు చెప్పగానే ఆ వైపు పెద్దవాళ్లకు క్యాంప్‌బెల్ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. లండన్ మిషనువాళ్లు పెట్టింది. మా అమ్మ పుట్టింది అక్కడే. జేజి ఇల్లు నాపరాళ్ల గోడ, నాపరాళ్ల కప్పు. ఎండాకాలం రాత్రి కూడా లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉండేది. ఆ ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ. సంగటికైనా, అన్నానికైనా ఎసట్లో పోసే ముందు జేజి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. వారం చివర ఆ గింజల్ని స్త్రీల మైత్రి కూటానికి తీసుకుపోయేది. అవి ఎవరి ఇంటికి చేరేవో మాకు చెప్పేది కాదు. అడిగితే "నీకెందుకు మే?" అనేది.

నేను చూస్తుండగానే ఒక ఏడు వానల్లేవు. జొన్నలు కొనుక్కుని తిన్నారు. ఆ ఏడూ జేజి పిడికెడు తీసింది. చిన్నపిల్లను కదా, గమనించాను. పిడికిలి చిన్నదైంది, అంతే. తృప్తి అంటే నాకు గుర్తొచ్చేది ఆ పిడికిలే. పక్కకు తీశాక మిగిలినదాంతో వండుకోవడం ఆ చేతికి అలవాటైపోయింది.

అలాగని మా జేజి ఏదీ కోరుకోని మనిషి అనుకునేరు! మా పెద్దమ్మను టీచరు ట్రైనింగులో చేర్పించడానికి చెవి కమ్మలు అమ్మేసింది. రాళ్ల గనిలో ఆడవాళ్లకు కూలి తక్కువ ఇస్తున్నారని మేస్త్రీతో గొడవకు దిగింది. తాతయ్య "పోనీలే" అంటే, "పోనీలే అనేదానికి అది నీ కూలి కాదు" అందట. ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, తృప్తి అనగానే మన ఆడవాళ్లకు వినిపించేది "సర్దుకుపో" అనే మాటే. తాగొచ్చి కొట్టే భర్తతో సర్దుకుపో, ఇచ్చిన జీతంతో సర్దుకుపో. బైబిలు చేతిలో పట్టుకుని ఆ మాట చెప్పేవాళ్లనూ చూశాను. మా తాతముత్తాతల్లో చాలామంది అంటరానివాళ్లుగా ఉండి చర్చికి వచ్చినవాళ్లు. వాళ్లు ఉన్నదాంతో సర్దుకుపోయి ఉంటే పలక పట్టేవాళ్లే కాదు, నేను ఈ వ్యాసం రాసేదాన్నే కాదు.

వాళ్ల గురించి ఇంకో మాట కూడా ఊళ్లలో వినిపిస్తుంటుంది. కరువులో గింజల కోసం మతం పుచ్చుకున్నారని. చిన్నప్పుడు స్కూల్లో ఒక అమ్మాయి నా మొహాన్నే అంది. ఏడ్చుకుంటూ ఇంటికొచ్చాను. పెద్దయ్యాక చరిత్ర చదువుకున్నాను. 1876-78 మధ్య వచ్చిన ధాతు కరువు రాయలసీమను తుడిచిపెట్టింది. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. పనికొచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజ కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం పంచినన్నాళ్లూ ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాక 1878 జూన్‌లో మళ్లీ మొదలుపెట్టారు. జూలై 3వ తేదీ ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పిన తర్వాత కూడా వచ్చినవాళ్లు వాళ్లు. ఆ మిషనే మా కర్నూలుకూ వచ్చింది. కోల్స్ పేరుతో ఉన్న చర్చీ, కాలేజీ ఆ తోవలోనివే.

అందరూ నిఖార్సైన విశ్వాసంతోనే వచ్చారని నేను వాదించను. ఆకలితో ఉన్న మనిషి మనసులో అన్నం, దేవుడు వేర్వేరు అరల్లో ఉంటాయా? కానీ గింజకూ విశ్వాసానికీ ముడిపడకూడదని ఆ రోజు అంత జాగ్రత్త పడ్డారు. ఇప్పుడు కరువు లేకుండానే మేం ముడేస్తున్నాం. ఇల్లొస్తే విశ్వాసం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు.

పెళ్లిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చర్చిలో మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. అబ్బాయి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అన్నీ చదువుతారు. కట్నం అంకె మాత్రం చదవరు. 1961 చట్టం ప్రకారం ఇవ్వడమూ నేరమే, పుచ్చుకోవడమూ నేరమే. అభ్యంతరం చెప్పాల్సిన చోట మేమంతా తలలు వంచుకుని కూర్చుంటాం.

వస్తువుల మీద నాకు మోజు లేదని చెబితే మా ఆయన నవ్వుతాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు నేను కొత్తగా కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. పాతబస్తీలో అద్దె ఇల్లు. మేడ మీద రెండు రాత్రులు గడిపి కిందికి దిగితే మోకాటి లోతు బురద. నా పెళ్లి పట్టుచీరలు ఆ బురదలోంచి తాళ్లలా లాగాను. వీధి వీధంతా సోఫాలు, ఫ్రిజ్‌లు, పరుపులు బయటపడి ఉన్నాయి. ఎవరిది ఖరీదైందో, ఎవరిది సెకండ్‌హ్యాండో గుర్తుపట్టలేకపోయాం. వెనకింటి ముస్లిం కుటుంబం వాళ్లు తెచ్చిన పులిహోర పొట్లాలు పంచుకుని తిన్నాం. ఆ వారం రోజులూ నాకు ఏదీ కొనాలనిపించలేదు. బతికి ఉండటమే ఎక్కువనిపించింది. నేను మారిపోయాననుకున్నాను.

రెండేళ్లు తిరక్కుండా పోయినవాటికంటే ఎక్కువే కొన్నాను. వరద నేర్పిన పాఠం బురదతోపాటే ఆరిపోయింది. భయంతో వచ్చే తృప్తి అంతేనేమో. జేజి కుండలోది వేరే రకం. అది రోజూ చెయ్యి పెట్టాల్సిన పని.

ఆ మూడు వారాల్లో ఒక రాత్రి పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక తీశాను. తృప్తి గురించి ప్రసంగం చేసే ప్రతి బోధకుడూ ఎత్తుకునేది దాని నాలుగో అధ్యాయాన్నే. కలిగినా లేమి వచ్చినా తృప్తిగా ఉండటం నేర్చుకున్నానంటాడు పౌలు. పుట్టుకతో వచ్చిందనలేదు, ప్రార్థించగానే దిగివచ్చిందనీ అనలేదు, నేర్చుకున్నానన్నాడు. అది నాకు ముందే తెలుసు. తెలియనిది దాని తర్వాతి భాగం. అది ఖైదులోంచి రాసిన ఉత్తరం. ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపిన సహాయం అందిందనీ, తన ఇబ్బందిలో పాలుపంచుకుని వాళ్లు మంచిపని చేశారనీ ఆ వెంటనే రాస్తాడు. అంటే తృప్తిగా ఉన్నానన్నది ఖైదీ. సాయం పంపింది బయట ఉన్నవాళ్లు. మేం దాన్ని తిరగేశాం. బయట హాయిగా ఉన్నవాళ్లం ఖైదులో ఉన్నవాళ్లకు తృప్తి గురించి బోధిస్తున్నాం.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు కుట్టే అక్క గదికి వెళ్లాను. మిషను ఆపకుండానే "రా మా, కూచో" అంది. చర్చికి ఎందుకు రావట్లేదని అడగలేదు. మా ఇంటి వాయిదా ఎంతో, ఇంకా ఎన్నేళ్లు కట్టాలో, గాజులు ఎక్కడున్నాయో చెప్పాను. ఆమె దారం తెంపి నా వైపు చూసి, "అయితే ఆ ఇల్లు ఇంకా మీది కాదన్నమాట!" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. టీ పెట్టింది. మాటల్లో తెలిసింది, పెద్దబ్బాయి డిప్లొమా ఫీజు బాకీ ఉందని, హాల్‌టిక్కెట్టు ఇవ్వమన్నారని. ఆరేళ్లుగా ఒకే చర్చిలో, ఒకే చాప మీద కూర్చుంటున్నాం. నాకు తెలియదు. నేను అడగలేదు.

మా స్త్రీల మైత్రిలో ఇప్పుడొక డబ్బా పెట్టాం. బియ్యం కాదు, డబ్బులే. వారానికి ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, ఎవరు ఎంత వేశారో రాయకూడదు. ఒకావిడ మొదటి రోజే "రాయకపోతే ఎట్లా తెలుస్తుంది?" అంది. తెలియకూడదనే కదా అంటే ముఖం ముడుచుకుంది. రెండు వారాలు ఏమీ వేయలేదు. మూడో వారం వేసినట్టే ఉంది. డబ్బా నిండుతుందని చెప్పను. ఆ అబ్బాయి ఫీజు మాత్రం కట్టాం. అక్క మళ్లీ చర్చికి వస్తోంది. కట్టినందుకే వస్తోందా అని ఎవరైనా అడిగితే, క్లౌ దొరకే తేలని సంగతి నాకేం తెలుస్తుంది?

తృప్తి మా మతం ఒక్కదాని సొత్తేమీ కాదు. ఈ సీమలోనే వేమన దానికోసమే గొంతు చించుకున్నాడు. ఆ పద్యాలను వెతికి అచ్చువేయించిన బ్రౌను దొర మా కడపలోనే ఉద్యోగం చేశాడు. మీ ఇంట్లో మీ పెద్దవాళ్లు దానికి ఏ పేరు పెట్టుకున్నారో మీకే తెలుసు. నాకు తెలిసిన భాషలో నేను రాస్తున్నాను.

ఇక అసలు పరీక్ష వచ్చే నెల ఉంది. మా అక్క కూతురి పెళ్లి. బంగారానికి మా వైపువాళ్లు ఎక్కడున్నా ప్రొద్దుటూరే వెళ్తారు. దాన్ని రెండో బొంబాయి అంటారు కదా! జేజి ఊరికి పక్కనే. 2025లోనే పది గ్రాములు లక్ష రూపాయలు దాటింది. పెళ్లికొడుకు వైపువాళ్లు "మేమేం అడగం, మీ అమ్మాయికి మీ ఇష్టం" అన్నారు. ఆ మాట ఖరీదు ఆడపిల్లల తల్లులకు తెలుసు. అక్క ఒక లిస్టు రాసి నాకు పంపింది. హారం, నెక్లెసు, నాలుగు గాజులు. కింద "నీ వంతుగా ఏదైనా" అని రాసింది. పెళ్లికూతురు మాత్రం చాటుగా నాకు ఫోన్ చేసి, "పిన్నీ, ఆ డబ్బుతో బి.ఇడి. చేస్తానని అమ్మతో నువ్వే చెప్పు" అంది. చెబితే అక్కకు కోపమొస్తుంది. చెప్పకపోతే జేజి కమ్మల కథ ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పే మొహం నాకుండదు. ఆదివారం సాయంత్రం బస్సెక్కి కడప వెళ్తున్నాను.