ఆపని బ్రేకుకు 'అప్‌గ్రేడ్' అని పేరా?

ఛందస్సు గురించీ సమాసాల గురించీ రాసుకొనే పంతులుకు కారు బ్రేకులతో ఏమి పని అని బ్లాగు మిత్రులు కొందరు నవ్వుకొందురు గాక. నాకు కారు లేదు, నడపడమూ రాదు. నా ఫిర్యాదు ఒక మాట మీద. మాటను తప్పు అర్థంలో వాడితే కింద ఎర్రసిరా గీత గీయడం నేను ముప్పై యేళ్లపాటు జీతం తీసుకొని చేసిన పని. ఇప్పుడు గీత గీయవలసిన మాట 'అప్‌గ్రేడ్'.

కొండాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంటు సెల్లారులో కొంతకాలంగా శని, ఆదివారాలు రెండు కార్లు జాకీల మీద లేచి ఉంటున్నాయి. ఒకటి చేతులు మారి వచ్చిన పాత జర్మనీ కారు. రెండవది మన వీధులలో అడుగడుగునా కనిపించే చిన్నకారు. వాటి చుట్టూ ముగ్గురు కుర్రవాళ్లు, ముగ్గురూ హైటెక్ సిటీ ఉద్యోగులే, జిడ్డు చేతులతో కూర్చొని ఉంటారు. ఏం చేస్తున్నారు బాబూ అని అడిగితే, "వెనక బ్రేకులు అప్‌గ్రేడ్ చేస్తున్నాం మాస్టారూ, డ్రిఫ్టింగ్‌కి" అన్నారు. వినయంగానే చెప్పారు, అడిగినదంతా ఓపికగా వివరించారు కూడా. వారి వివరణ విన్నాను, మా వీధి చివర షెడ్డులో పాతికేళ్లుగా బ్రేకు పనులు చేస్తున్న మెకానిక్కును అడిగాను, కొంత చదివాను. తెలిసిన కొద్దీ నా ఫిర్యాదు పెరిగిందే గాని తరగలేదు.

డ్రిఫ్ట్ అంటే ఏమిటో తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. కారు ముక్కు ఒక వైపు చూస్తుండగా కారు మరొక వైపుకు జారుతూ మలుపు తిరగడం. వెనుక చక్రాలు నేల మీద పట్టు విడవాలి, ముందు చక్రాలు మలుపుకు ఎదురు తిరిగి ఉండాలి, ఆ జారుడంతా నడిపేవాడి అదుపులో ఉండాలి. 1970లలో కునిమిత్సు తకహాషి అనే జపాను పందెగాడు చూపిన ఈ ఒడుపును కెయిచి త్సుచియా కొండదారులలో సాధన చేసి లోకానికి చాటాడు. తరువాత జపానులో డీ1 గ్రాండ్ ప్రీ పేరిట పోటీలు వెలిశాయి. 2006లో వచ్చిన 'టోక్యో డ్రిఫ్ట్' సినిమా దానిని ఇంటింటికీ తెచ్చింది. అది విద్యే, కష్టమైన విద్య. దానిని నేను నిందించడం లేదు.

ఇక బ్రేకు సంగతి. పరుగెత్తే కారును ఆపబోతే బరువు ముందుకు తూలుతుంది. బస్సు ఆగినప్పుడు నిలుచున్న వాళ్లమంతా డ్రైవరు వైపు తూలినట్టే. ముందు చక్రాల మీద భారం పెరుగుతుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. అందుచేత ఆపే పనిలో పెద్దపాలు ముందు చక్రాలదే. వెనుక బ్రేకును తయారుచేసిన వాడు కావాలనే తక్కువ బలంతో ఉంచుతాడు. అది పిసినారితనం కాదు. ముందు చక్రాలు ముందుగా బిగుసుకుపోతే కారు స్టీరింగు మాట వినదు గాని ఇంచుమించు తిన్నగానే పోతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోతే తోక ముందుకు వచ్చి కారు బొంగరమవుతుంది. చక్రం తిరగకపోతే ఏమవుతుందో కర్ణపర్వం చదివిన జాతికి వేరే చెప్పాలా?

డ్రిఫ్టు వారికి కావలసినది సరిగ్గా ఆ రెండవదే. కంపెనీ ఇచ్చిన హ్యాండ్ బ్రేకు సాధారణంగా ఉక్కుతీగతో లాగేది. నిలిపిన బండిని నిలిపి ఉంచడానికి అది చాలు; పరుగెత్తే చక్రాన్ని తటాలున బిగించడానికి చాలదు. అందుకని సీటు పక్కన నిటారుగా ఒక పొడుగాటి పిడి, దానికి సొంత మాస్టర్ సిలిండరు, అక్కడినుంచి వెనుక చక్రాలకు గొట్టాలు, వీలైతే చక్రానికి రెండవ కాలిపర్, ఇంకా పెద్ద డిస్కు బిగిస్తారు. వెనుక డ్రమ్ములున్న కారైతే వాటిని పీకి డిస్కులు వేస్తారు. ఈ శ్రమంతా కారును త్వరగా ఆపడానికని మీరనుకొంటే పొరపాటు. పిడి లాగిన మరుక్షణం వెనుక చక్రం బిగుసుకొని జారడానికి. పందెపు బాట మీద అది ఉన్నతే, ఒప్పుకొంటాను. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి పోయే దారిలో అదే వస్తువు పతనం. నేను పిల్లల చేత ఏటేటా సందర్భసహిత వ్యాఖ్యలు రాయించిన వాడిని. సందర్భం వదిలేసి అర్థం రాసిన వాడికి మార్కులు వేయలేదు, ఇప్పుడూ వేయను.

చిన్నకారు సంగతి మరీ ఘోరం. దానిలో ఇంజను శక్తి అందేది ముందు చక్రాలకు. కనుక వెనుక చక్రాలను శక్తితో తిప్పి జారుడును నిలబెట్టే అసలు డ్రిఫ్టు దానిచేత కాదు. చేతిబ్రేకు లాగితే తోక ఒకసారి విసురుతుంది, అంతే. అంతమాత్రానికి వారు చెడగొట్టేది ఏమిటో చూడండి. ఇటువంటి కార్లలో బ్రేకు గొట్టాలు సాధారణంగా కత్తెర మార్కు వలె ఉంటాయి: ఎడమ ముందు చక్రానికీ కుడి వెనుక చక్రానికీ ఒక జత, తక్కిన రెండింటికీ మరొక జత. ఒక గొట్టం పగిలి నూనె కారిపోయినా రెండవ జత కారును ఆపుతుంది. ఆలోచించి చేసిన ఏర్పాటు అది, ప్రాణం పోయేటప్పటి ఏర్పాటు. వెనుక గొట్టాలు రెండింటినీ తెచ్చి ఒకే చేతిపిడి సిలిండరుకు కలిపేస్తే రెండు జతలూ ఒకటైపోతాయి. ఒక్క కీలు కారితే చాలు, కాలికింద పెడలు నేలను తాకుతుంది.

కీళ్లు కారవా? మెకానిక్కు చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను. "ఆయిల్ నొక్కితే నొక్కుకోదు సార్, గాలి నొక్కుకుంటది. గొట్టంల గాలి ఉండెననుకో, మీ కాలు గాలిని నొక్కుతది, చక్రం దాక పోదు." ఇంతకంటె శుద్ధమైన భౌతికశాస్త్ర వాక్యం నేను ఏ వాచకంలోనూ చూడలేదు. గొట్టం విప్పిన ప్రతిసారీ ఒక్కొక్క చక్రం దగ్గరా గాలి బుడగలు ఆగేదాకా నూనె వదలాలి. ఒకరు లోపల పెడలు తొక్కుతూ ఉండాలి, ఒకరు కింద బిరడా విప్పి బిగిస్తూ ఉండాలి. కాలిపర్ దగ్గర రాగి వాషరు పాతది వేయకూడదు. రబ్బరు గొట్టం మెలిపడకూడదు. డబ్బా మూత తీసి ఉంచిన బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది: డాట్ 4 రకానికి కొత్తలో మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి, నీరు పట్టిన తరువాత 155 ఉంటే చాలునని ప్రమాణం. మాటిమాటికీ బిగిసే బ్రేకు దగ్గర ఆ వేడి ఎంతసేపు? నూనె మరిగితే ఆవిరి, ఆవిరి అంటే మళ్లీ మెకానిక్కు చెప్పిన గాలే.

ఈ కుర్రవాళ్లు గురువుగా భావించే వీడియోలో ఈ పనంతా సంగీతం వెనుక పది క్షణాలలో అయిపోయింది. కష్టమైన భాగాన్ని కత్తిరించి చూపడం ఆ గురువుల అలవాటు. మా రోజులలో పరీక్షల గైడ్లు కూడా ఇంతే.

నన్ను ఎక్కువగా మండించినది మరొకటి. వీరు అమాయకులైతే జాలిపడి ఊరుకొనేవాణ్ణి. వారి ఉద్యోగం గురించి వారే ఒకనాడు చెప్పారు: రాసిన ప్రోగ్రామును తాము తప్ప మరొకరు చదివి ఒప్పుకోనిదే ముందుకు పోదట, పరీక్షించడానికి వేరే యంత్రాలుంటాయట, శుక్రవారం సాయంత్రం కొత్త మార్పును వాడుకదారుల మీదికి వదలడం మహాపరాధమట. నాయనలారా, ఒక బ్యాంకు వెబ్‌సైటు అరగంట ఆగిపోకుండా ఇన్ని కట్టుబాట్లు పాటించే మీరు, ఆదివారం రాత్రి మీరే బిగించి మీరే బాగుందని ఒప్పుకొన్న బ్రేకును సోమవారం ఉదయం సైబర్ టవర్స్ ముందు జనం మధ్యకు ఎట్లా వదులుతారు? అక్కడ దారి దాటేది వాడుకదారులు కారు, మనుషులు.

రాత్రి రెండు గంటలకు ఖాళీ రోడ్డు మీద అని వారి జవాబు. సైబరాబాదులో ఖాళీ రోడ్డు అనేది ఒక కవిసమయం. ఆ వేళకే రాత్రి షిఫ్టుల క్యాబులు తిరుగుతాయి, రోడ్లు ఊడ్చే ఆడవాళ్లు దిగుతారు, సెక్యూరిటీ మనుషులు టీ కోసం దారి దాటుతారు. రాయదుర్గం నాలెడ్జ్ సిటీ, టీ-హబ్ పరిసరాలలో వారాంతపు రాత్రుల బైకు విన్యాసాల మీద పోలీసులు కేసులు పెట్టవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద ఖరీదైన కార్లను గిరగిర తిప్పిన యువకులు పట్టుబడ్డారు. 2019 నవంబరు 23న బయోడైవర్సిటీ ఫ్లైఓవరు మీదినుంచి ఒక కారు ఎగిరి కింద పడింది. అది డ్రిఫ్టు ప్రమాదం కాదు, వేగపు ప్రమాదం. 40 హద్దు ఉన్న మలుపులో 100 దాటిన వేగం. చనిపోయినది ఆ కారులోని వారెవరూ కాదు, కింద రోడ్డు పక్కన నిలుచున్న ఒక స్త్రీ. నాకు ఈ లెక్కలో కనిపించేది ఆమె ఒక్కతే.

చట్టం సంగతి క్లుప్తంగా. కారుకు కాలి బ్రేకు, పార్కింగు బ్రేకు అని రెండు స్వతంత్రమైన ఏర్పాట్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 96వది చెబుతుంది. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 52వ సెక్షనును వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అదే ఏడు చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకూ 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని వేయవచ్చు. చట్టం ఉన్నదని భయపెట్టడం పంతుళ్ల పాత జబ్బు. కాని సెల్లారులో ఈ సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. బ్రేకు సామాను కొరియరులో పంపిన దుకాణం వాడు చెప్పలేదు.

"కుర్రవాళ్లు చేతులతో పని నేర్చుకొంటున్నారు, మెచ్చుకోక తిడతారేం?" అని మా అబ్బాయే అన్నాడు. మెచ్చుకొంటాను. కీబోర్డు తప్ప మరేదీ ముట్టని వీధిలో స్పానరు పట్టిన చెయ్యి నాకు ముద్దే. అరిగిన ప్యాడ్లను కంపెనీ ప్యాడ్లతో మార్చడం నేర్చుకోండి, జాకీని నమ్మకుండా కారు కింద స్టాండ్లు పెట్టడం నేర్చుకోండి, మెకానిక్కు షెడ్డులో నాలుగు ఆదివారాలు సహాయకుడిగా కూర్చోండి. ఆయన ఒప్పుకొంటానన్నాడు. వారే ఇంకా వెళ్లలేదు.

వీళ్లందరినీ పట్టి లోపల వేయాలనే పెద్దమనుషులతోనూ నాకు పేచీ ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల బాట కట్టి, ఊరి రాకపోకలు ఆపి, ఫార్ములా ఈ పందెం జరిపించారు. 2024లో జరగవలసిన రెండవ పందెం రద్దయింది. దాని రాజకీయం నాకు అక్కరలేదు. విదేశీ పందెగాళ్ల కోసం ఒక్కరోజుకు ఊరి నడిబొడ్డున బాట దొరికినప్పుడు, ఈ ఊరి పిల్లల కోసం ఊరి చివర నాలుగెకరాల సిమెంటు నేల ఎందుకు దొరకదు? చుట్టూ పాత టైర్ల గోడ, ఒక అంబులెన్సు, లోపలికి పోయే ప్రతి కారు చక్రాల వెనుక తల పెట్టి చూసే ఒక అనుభవజ్ఞుడు ఉంటే చాలు. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి పందెపు బాట ఉంది. అంతవరకు పోగలిగిన వారు కారును లారీ మీద వేసుకొని పోవాలి, నడుపుకొంటూ పోకూడదు. రోడ్డు కారు వేరు, పందెపు కారు వేరు అని ఒప్పుకొన్న వారి 'అప్‌గ్రేడ్' కింద నేను గీత గీయను.

డ్రిఫ్టు అభిమానులైన బ్లాగరులు మనలోనూ ఉన్నారని తెలుసు. నా సాంకేతిక వివరాలలో దేనినైనా ఖండించగలిగితే వ్యాఖ్య రాయండి, అలాగే ప్రచురిస్తాను. చాదస్తం అన్న ఒక్క మాట రాసి పోయేవారికి మాత్రం ఒక మనవి: ఆ మాటను నా శిష్యులు చాలాకాలం క్రితమే అరగదీశారు.