వినుట యను విద్య

ఆషాఢమాసారంభమున మా చెల్లెలి కుమార్తె అనంతపురము నుండి వచ్చి మా యింట నాలుగు దినము లుండెను. ఆ పిల్ల పత్రికలు, రేడియో, టెలివిజను మొదలగు వానిని గూర్చిన శాస్త్రమున ఎం.ఏ. చదువుచున్నది. వచ్చిన నాటి రాత్రియే, "పెద్దమ్మా, నాకు పరిశోధన చేతగాదు, చదువు మానివేసెదను" అని కంట నీరు పెట్టుకొనెను. ఆమె చెప్పిన సంగతి మన సోదరీమణులును వినదగినదని తోచి యిచ్చట వ్రాయుచున్నాము.

వాన రాకను గూర్చిన వార్తలు, సేద్యపు సూచనలు పల్లెలలోని స్త్రీలకు ఏ దారిన చేరుచున్నవో తెలిసికొనుట ఆమె పని. ముప్పది ప్రశ్నలు అచ్చొత్తించిన కాగితములతో కల్యాణదుర్గము వైపున నొక పల్లెకు వెళ్లెను. పల్లె పేరు చెప్పము. అడిగిన ప్రతి స్త్రీయు "అందుతాండాయి" అనియే చెప్పెను. రేడియోలో విందురా? వింటాము. ఫోనులో చూతురా? చూస్తాము. కాగితము లన్నియు నిండినవి, ఒకదాని కొకటి అచ్చు గ్రుద్దినట్లున్నవి. తిరిగి వచ్చునప్పుడు ఒక ముసలామె బస్సు నిలుచు చోటికి వచ్చి, "మా పేర్లు ఎప్పుడొస్తాయి పాపా?" అని యడిగెనట. ఏ పేర్లని పిల్ల తెల్లబోయెను. "కాగితాలు తెచ్చేటోళ్లంతా కరువు పైకం రాసుకొనేటోళ్లే గదా. లేదంటే పేరు కొట్టేస్తారని అన్నిటికీ ఊ అంటిమి."

ఇందులో కల్లలాడిన వారెవరును లేరు. అనంతపురపు మెట్టపై సాలున కురియు వాన సగటున రమారమి 550 మిల్లీమీటర్లు. నైరుతి వానను పడమటి కనుమ లడ్డగించును; ఈశాన్యపు వాన సముద్రము నుండి యింత దూరము వచ్చునప్పటికి సన్నగిల్లును. ఎర్రనేలలో వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచువారికి, కాగితము పట్టి వచ్చిన మనిషి యన్న పంట నష్టము వ్రాయు మనిషియే. 1876-78 నాటి ధాత కరువున ఈ సీమ యింకను బళ్లారి జిల్లాలోనే యుండెను. 1882లో గాని వేరు జిల్లా కాలేదు. ఆనాడు దొరలు కరువు పనులలోని తలలు లెక్కించిరి, కూలి గింజలు తూచిరి. అంకెలకు కొదువ లేదు. ఒక తల్లి ఆ యేడు పిల్లలకేమి వండెనో ఆమె మాటలలో చెప్పిన పుట మాత్రము మా కంట బడలేదు.

అంకెలు వలదని మా యభిప్రాయము గాదు. ఎందరు అనుటకు అంకె కావలెను. ఎందుకు, ఎట్లు అనుటకు కూర్చుండి వినవలెను. దీనినే గుణాత్మక పరిశోధన యందురు. 1941లో హెర్టా హెర్జోగ్ అను విదుషి, అమెరికాలో పగటివేళ రేడియో నాటికలు వినెడి నూర్గురు స్త్రీలతో చేసిన సంభాషణల ఫలితమును ప్రకటించెను. పనిలేని ఆడువారి కాలక్షేపమని పెద్దలు కొట్టివేయు ఆ నాటికలను కొందరు తనివితీర ఏడ్చుటకును, కొందరు తమ సంసారపు చిక్కులకు ఉపాయము వెదకికొనుటకును వినుచున్నారని తేలెను. మన తెలుగునను 1986లో స్త్రీశక్తి సంఘటన వారు, తెలంగాణ సాయుధ పోరాటమున పాల్గొన్న స్త్రీల నోటి మాటలతోనే "మనకు తెలియని మన చరిత్ర" అను గ్రంథమును వెలువరించిరి. ఈ సంగతులు గురువులు చెప్పియే యుందురు గాని, ఏడ్చునప్పుడు పుస్తకము గుర్తుకు రాదు.

కాగితములు మా యింటనే వదలి పొమ్మంటిమి. అది విత్తనపు కాయలు వలుచు కాలము. పిల్ల వెళ్లి, తాను సర్కారు మనిషిని గాననియు, తనవలన పైకమేమియు రాదనియు ముందుగా చెప్పెను. అది మొదటి నాడే చెప్పవలసినది. విని యిద్దరు లేచిపోయిరి. మిగిలినవారు చాట జరిపి చోటిచ్చిరి. మూడు దినములు ఏమియు నడుగక కాయలు వలిచెను. చేతులు పనిలో నున్నప్పుడు మాట దానంతట వచ్చును. ఫోను మగనిది, అతడు టీ అంగడికి పోయిన వాన కబురును అంగడికే పోవును. టెలివిజను మీట సాయంకాలము కొడుకుల చేతిలో నుండును. రేడియో చెడి అటకెక్కినది. విత్తనాల కప్పు తెచ్చినది మాత్రము ఆడువారే, పొదుపు సంఘమున తమ పేర! అప్పు ఆమె పేర, వానకబురు అతని జేబులో. ముప్పది ప్రశ్నలలో దీని కొక ప్రశ్నయు లేదు.

రాత్రులందు విన్నది విన్నట్లు వ్రాయుట కష్టమైన పని. "చెనిక్కాయ" అన్నచో "వేరుసెనగ" యని దిద్దరాదు. అత్తగారు గడప దాటి రాగానే కోడలి గొంతు తగ్గినచో అదియు వ్రాయవలెను. పిదప పదేపదే చదివి, ఒక తీరు మాటలకు ఒక రంగు గీత పెట్టి కూర్చవలెను. ఒక యిల్లాలికి సొంత ఫోను గలదు. వాన సంగతి వీధి కంతకు ఆమెయే చెప్పును. తక్కినవారితో పొసగలేదని పిల్ల ఆమెను విడిచిపెట్టబోయినది. మేము కోపపడితిమి.

ఇంకొక యిల్లాలు, ఒంటరిగా నున్నప్పుడు, ఒక మాట చెప్పి, "ఇది రాయొద్దు తల్లీ" అనెనట. పిల్ల పుస్తకమంతటికిని అదియే ప్రాణమువంటి మాట. "పేరు మార్చి వ్రాసెదను పెద్దమ్మా, ఎవరికి తెలియును?" అని మాతో వాదించినది. నలుబది గడపల ఊరిలో పేరు మార్చిన దాగునా? మార్కులు తగ్గిన తగ్గనిమ్మంటిమి. రెండు దినములు మాతో ఫోనులో మాటలాడలేదు. ఆ మాట యేమో మేమును ఇచ్చట వ్రాయుట లేదు.

శ్రావణమున పిల్ల మరల వెళ్లి, వ్రాసినదంతయు వారి నడుమ కూర్చుండి చదివి వినిపించెను. రెండుచోట్ల "మేమట్ల అనలేదు" అని దిద్దించిరట. ఆ యిల్లాలు గోడ కానుకొని తుదివరకు వినెను. తన మాట అందులో లేదని తెలిసిన పిమ్మట లేచి, బిందె తీసికొని నీళ్లకు పోయెనట.