యెజ్దీకి సలాం సరే, మిస్త్రీకి ఎవరు చెప్తారు?

ఏటా జులై నెల రెండో ఆదివారం జావా, యెజ్దీ బండ్ల వాళ్లకు పండగ. అంతర్జాతీయ జావా-యెజ్దీ దినం అని జరుపుకుంటారు. ఓనర్లంతా పాత బండ్లను కడిగి, తుడిచి, ఒకచోట చేరి వరుసగా రోడ్డు మీదికి తీస్తారు. జర్నలిజంలో ఇన్నేళ్లుగా ఉన్నా బైకుల ర్యాలీకి నేను ఎప్పుడూ పోలేదు. ఈసారి పని మీద హైదరాబాద్‌లో ఉంటే ఒక దోస్త్ రమ్మన్నాడు, పోయినా. చూసినంతసేపు ఖుషీగానే ఉండింది. ఇంటికొచ్చినాక మాత్రం ఒక సవాల్ వదల్లేదు. అది మన ఇళ్లకు సంబంధించిన సవాల్ కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఖుషీ సంగతి. మెరూన్ రంగు ట్యాంకులు, వాటికి రెండు పక్కలా మెరిసే క్రోమ్, వెనక జంట సైలెన్సర్లు. కిక్ కొట్టే రాడ్డే ముందుకు తిప్పితే గేరు రాడ్డు అయ్యే ఆ అజబ్ కారీగరీ. క్లచ్ పట్టకపోయినా గేరు పడే బండి. స్టార్ట్ చేస్తే వచ్చే ఆ డబ్ డబ్ శబ్దం, పెట్రోల్‌లో కలిపిన ఆయిల్ కాలే వాసన. తెల్లగడ్డం పెద్దాయన పక్కన కాలేజీ పిల్లోడు. రామ్ భాయ్, రహీమ్ భాయ్ అనే తేడా లేదు. "మీది ఏ మోడల్? మాది రోడ్‌కింగ్" అనే మాటతోనే పరిచయం మొదలు. అందరి నెత్తిన హెల్మెట్, ఎవరూ ఎవర్నీ దాటేసి పోవడం లేదు. షబ్-ఎ-బరాత్ రాత్రి మన పిల్లలు బండ్లతో చేసే తమాషాలకు భయపడి పోలీసులు ఫ్లైఓవర్లు మూసే హైదరాబాద్‌లోనే, షౌక్‌కు కూడా ఒక అదబ్ ఉంటుందని చూసినా. మన నౌజవాన్లను ఒకసారి ఇలాంటి చోటికి తీసుకపోవాల.

ఇప్పుడు సవాల్. ఈ బండ్లు ఇంకా ఎట్లా నడుస్తున్నాయి?

జావా అనేది చెకోస్లోవేకియా బండి. 1929లో యానెచెక్ అనే ఆయన మొదలుపెట్టిన కంపెనీ. మన దేశంలో 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా పేరుతో ఫ్యాక్టరీ వచ్చింది. పెట్టింది ఫారూఖ్ ఇరానీ అనే పార్సీ వ్యాపారి. మైసూరు మహారాజు అండ ఉండింది. 1970లలో బండి పేరు యెజ్దీ అయింది. ఇరాన్‌లోని యజ్ద్ నగరం మీద ఆ పేరు వచ్చిందని చెప్తారు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. 2018లో జావా, 2022లో యెజ్దీ పేర్లు మళ్లీ బజారులోకి వచ్చినా అవి కొత్త కంపెనీ చేసిన ఫోర్-స్ట్రోక్ బండ్లు. వాటి ఇంజిన్ సామాన్లు పాత బండికి పనికి రావు.

అంటే ముప్పై ఏళ్లు కావస్తోంది, ఈ బండ్లకు ఫ్యాక్టరీ లేదు, షోరూం లేదు. సొంత బండికి పదిహేనేళ్లు దాటితే ప్రతి ఐదేళ్లకూ ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాల. ర్యాలీలో నేను చూసిన 1980ల బండి ఒక్కోటీ అట్లాంటి పరీక్షలు ఎన్నో దాటి వచ్చింది. దాన్ని దాటించింది ఎవరు?

ఓనర్ కాదు. మిస్త్రీ.

సైలెన్సర్‌లో కార్బన్ పేరుకుంటే నిప్పులో కాల్చి దులిపినవాడు. పిస్టన్ అరిగితే లేత్ దగ్గర సిలిండర్ బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ ఎక్కించినవాడు. పొగ ఎక్కువైతే క్రాంక్ సీలు పోయి గేరుబాక్సు ఆయిల్ ఇంజిన్‌లోకి లాగుతోందని చప్పుడు విని, వాసన చూసి చెప్పినవాడు. దొరకని పార్టును ఇంకో బండి పార్టుతో సరిచేసినవాడు. కర్నూలు నుంచి గుంటూరు పోయే కేజీ రోడ్డు మీద మా జూపాడు బంగ్లా. ఒక పక్క నందికొట్కూరు, ఇంకో పక్క ఆత్మకూరు, ఆపైన నల్లమల. ఈ రోడ్డు పొడుగునా వేపచెట్టు కిందో, రేకుల షెడ్డులోనో పాత టైర్లు వేలాడేసిన దుకాణాలు చూస్తూనే పెరిగినాం. పోతిరెడ్డిపాడు కాలువ పక్క చేలకు పోయే రైతు బండి ఆగినా, దోర్నాల ఘాట్ ఎక్కబోయే ముసాఫిర్ బండి ఆగినా దిక్కు ఆ షెడ్డే. అక్కడ చేతులు నల్లగా చేసుకున్నవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పనక్కర్లేదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక కూడా మోటారు బండ్ల అమ్మకం, రిపేరు పనుల్లో ముస్లింల వాటా ఎక్కువని రాసింది.

ఆ ర్యాలీకి ఒక పెద్ద మిస్త్రీ కూడా వచ్చినాడు. సామాన్ల సంచితో చెట్టు కింద నిలబడినాడు. ఏదన్నా బండి మొరాయిస్తే "చాచా, జర దేఖో" అని పిలిచేవాళ్లు. ఆయన పోయి ప్లగ్ విప్పి, తుడిచి, బిగించి, ఒక కిక్‌తో లేపేవాడు. మైకులో బండ్ల గురించి చెప్పినారు, తాతల బండిని కాపాడుకున్న మనవళ్ల గురించి చెప్పినారు, చప్పట్లు కొట్టినారు. మిస్త్రీ పేరు రాలేదు. చివర అందరూ కలిసి ఫోటో దిగేటప్పుడు, ఆ ఫోటో తీయమని ఒకరి ఫోను ఆయన చేతికే ఇచ్చినారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. తట్టలేదు, అంతే. నన్ను బాధపెట్టింది కూడా అదే.

అయితే ఓనర్ల క్లబ్బును నిందించి ఊరుకుంటే ఇన్సాఫ్ కాదు. మన ఇళ్లల్లో ఆ మిస్త్రీకి ఏ ఇజ్జత్ ఉందో చూసుకోవాల. పిల్లోడికి మార్కులు తక్కువ వస్తే అమ్మీ నోట వచ్చే మొదటి ధమ్కీ ఏంది? "పఢా నై తో గ్యారేజ్ మే డాల్ దేతుం, దేఖ్." చదవకపోతే గ్యారేజీలో పడేస్తా అని. అంటే గ్యారేజీ మనకు సజా. రిష్తా మాట్లాడేటప్పుడు "లడ్కా క్యా కర్తా?" అని అడిగితే, "మెకానిక్" అనగానే చాయ్ కప్పు కింద పెట్టేసే ఇళ్లు నాకు తెలుసు. అదే పిల్లోడు నెలకు పదీ పన్నెండు వేల జీతానికి ఏసీ షోరూంలో టై కట్టుకొని నిలబడితే "మాషా అల్లా" అంటాం. దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేసి, తన చేతి కమాయీ తిని బతికినారని బయాన్‌లలో విని సుబ్హానల్లా అనేవాళ్లం మనమే. జుమ్మా నాడు విన్న మాట శనివారం రిష్తా దగ్గర గుర్తుండదు.

ఇంకో పక్క కూడా చెప్పాల. హునర్ గొప్పదని పొగిడి పదేళ్ల పిల్లోణ్ని షెడ్డులో వదిలిపెట్టడానికి నేను ఒప్పుకోను. ఉస్తాద్-షాగిర్ద్ రివాజు పేరు మీద మనవాళ్ల పిల్లలు ఎంతమంది ఐదో క్లాసుతో ఆగిపోయినారో లెక్కలేదు. ఏళ్లకేళ్లు చాయ్ తేవడం, స్పానర్ అందియడం, దెబ్బలు తినడం. అది తాలీమ్ కాదు, జుల్మ్. 2016 సవరణ తర్వాత పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమే. సొంత ఇంటి వ్యాపారంలో, బడి అయిపోయినాక, ప్రమాదం లేని పనిలో సాయం చేయడానికి మినహాయింపు ఉంది. గరీబీ ఉందని ఉస్తాద్, అబ్బా ఇద్దరూ కలిసి పిల్లోడి చదువు కోస్తే ఆ గరీబీ ఇంకో తరానికి పోతుంది.

పైగా చదువు లేని హునర్‌కు ఇప్పుడు రోడ్డు ముగుస్తోంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లు తప్ప కొత్తవి అమ్మడం లేదు. కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్లు, ఈసీయూ వచ్చినాయి. లోపం ఎక్కడుందో స్కానర్ పెట్టి, కోడ్ చదివి తెలుసుకోవాల. కరెంటు బండ్లు వేరే. చప్పుడు విని రోగం చెప్పే చెవి ఇప్పటికీ కావాల్సిందే, దాని పక్కన స్కానర్ చదివే కన్ను కూడా కావాల. కంపెనీ సర్వీస్ సెంటర్లు సర్టిఫికెట్ అడుగుతాయి. సర్టిఫికెట్ లేని ఉస్తాద్ షెడ్డులోనే ఉండిపోతాడు, ఆయన దగ్గర పని నేర్చిన షాగిర్ద్ కూడా అంతే.

కాబట్టి నేను అడిగేది మూడు దిక్కుల నుంచి.

హుకూమత్‌ను: 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు. మోటార్ మెకానిక్ లేడు. తాళానికున్న ఇజ్జత్ ఇంజిన్‌కు ఎందుకు లేదో చెప్పాల, ఆ పేరు చేర్చాల.

మన ఇళ్లను: పిల్లోడికి బండ్ల మీద షౌక్ ఉంటే పదో తరగతి పాస్ కానీయండి. ఆ తర్వాత ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. సాయంత్రం ఉస్తాద్ షెడ్డు. రెండూ కలిస్తేనే పూర్తి మిస్త్రీ. ఇప్పటికే పనిలో ఉన్న మామూలు, భాయ్‌లకు "రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్" అని ఒక దారి ఉంది. వచ్చిన పనినే పరీక్షించి, కేంద్ర నైపుణ్య పథకం కింద సర్టిఫికెట్ ఇస్తారు. మసీదు కమిటీలు రంజాన్‌లో జకాత్ లెక్కలు చూసేటప్పుడు, హక్‌దార్లయిన మిస్త్రీల ఇళ్లు ఎన్నున్నాయో, వాళ్ల పిల్లలు బడికి పోతున్నారో లేదో కూడా చూడాల. ఒక స్కానర్ కొనిచ్చినా అది ఒక ఇంటి రోజీ.

ర్యాలీలు చేసే ఓనర్లను: మీ షౌక్‌కు సలాం. వచ్చే జులైలో ఒక పని చేయండి. ప్రతి బండి ముందు మోడల్, సంవత్సరం రాసిన కార్డు పెడతారు కదా, దాని కింద ఇంకో లైను రాయండి: ఈ బండిని చూసుకునే మిస్త్రీ ఎవరు, ఏ ఊరు. ఖర్చు లేని పని. అది చదివిన ఏ అమ్మీ అయినా ఇంటికి పోయినాక పిల్లోడికి గ్యారేజీ పేరు చెప్పి భయపెట్టే ముందు ఒక్క నిమిషం ఆగుతుంది.