పలాస కేంద్రంలో ఉమ్మడి పీహెచ్‌డీ పెట్టాలి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే మాట వినని ఇల్లు అరుదు. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా తన అంకె ఎంతో చెబుతుంది. ఆ అంకె ఎందుకు పెరిగిందో మాత్రం రెండు దశాబ్దాలు దాటినా తేలలేదు.

అధ్యయనాలు జరిగాయి. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో పరీక్షించినవారిలో నూటికి సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు బయటపడింది. వారిలో ఎక్కువమందికి షుగర్, బీపీ వంటి తెలిసిన కారణమే లేదు. నీటిలోని సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. శ్రీలంకలోని అనూరాధపురం రైతులను, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలను పట్టి పీడిస్తున్న చిక్కూ ఇలాంటిదే.

ఒకసారి రక్తం తీసుకుని వెళ్లిపోతే ఈ ముడి విడదు. జబ్బు దీర్ఘకాలికమని నిర్ధారించడానికే కనీసం మూడు నెలల ఎడంతో మళ్లీ పరీక్ష చేయాలి. కారణం పట్టుకోవాలంటే ఏళ్లు కావాలి. జీడిపిక్కలు ఏరే మండుటెండల్లో ఒకసారి, వానలు పడ్డాక మరోసారి, అదే మనిషి రక్తాన్నీ మూత్రాన్నీ, అదే బోరు నీటినీ పరీక్షించాలి. అతను ఆ రోజు ఎన్ని గంటలు తోటలో ఉన్నాడో, ఎన్ని చెంబుల నీళ్లు తాగాడో, ఏ మాత్ర వేసుకున్నాడో రాసుకోవాలి. ఊళ్లో మకాం పెట్టినవారికే అది సాధ్యం.

పైగా కాలం మించిపోతోంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నీటిని ఉద్దానానికి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ ప్రారంభమైంది. తాగే నీరు మారితే జబ్బు తగ్గుతుందా? ఇప్పటి నుంచే లెక్క కట్టకపోతే పదేళ్ల తర్వాత ఎవరూ జవాబు చెప్పలేరు.

అందుకే పలాస కేంద్రం, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఐసీఎంఆర్ కలిసి ఉమ్మడి పీహెచ్‌డీ పెట్టాలి. ఒక్కో విద్యార్థికి ఇద్దరు గైడ్‌లుండాలి: ఒకరు కిడ్నీ వైద్యుడు, మరొకరు భూగర్భశాస్త్రమో రసాయనశాస్త్రమో గణాంకశాస్త్రమో తెలిసినవారు. బోరు లోతు తెలిసిన మనిషీ రోగి చరిత్ర తెలిసిన మనిషీ ఒకే సిద్ధాంత గ్రంథం కోసం కలిసి పనిచేయడం ఇంతవరకూ కొరవడింది.

నిబంధనలు అడ్డమేమీ కావు. యూజీసీ 2022 నియమాలు వేరే సంస్థ నుంచి సహ గైడ్‌ను తీసుకోవడానికి వీలిస్తున్నాయి. పీహెచ్‌డీకి మూడు నుంచి ఆరేళ్ల గడువుంది, ఈ పనికి పట్టే కాలమూ దాదాపు అంతే. సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో పరిశోధించేవారికి పట్టా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం ఏసీఎస్ఐఆర్ అనే సంస్థనే చట్టం చేసి నెలకొల్పింది. ఆ ప్రయోగశాలల్లో ఒకటైన హైదరాబాద్‌లోని సీసీఎంబీకి పనికొచ్చిన ఏర్పాటు పలాసకు ఎందుకు పనికిరాదు?

రెండు షరతులు ఒప్పందంలోనే రాయాలి. నమూనాల వివరాలు పలాసలోనే భద్రపరచాలి. ఫలితాలను ఏటా గ్రామసభలో తెలుగులో చెప్పాలి. రక్తమిచ్చిన కుటుంబానికి తన రక్తం ఏం చెప్పిందో తెలుసుకునే హక్కుంది. స్థానిక డిగ్రీ, పీజీ విద్యార్థులకు ఫెలోషిప్‌లు ఇస్తే ఊళ్లో తలుపులు సులువుగా తెరుచుకుంటాయి.

పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రజలారా! వచ్చే గ్రామసభలో ఈ డిమాండ్‌పై తీర్మానం చేయించండి. దాని ప్రతిని మీ ఎమ్మెల్యేకు, ఎంపీకి, వైస్ ఛాన్సలర్లకు పంపండి.