ఎవరి చేతిది? ఎవరి మీదిది?

పాత తుపాకి కనిపించగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: "ఇది ఎవరిది?" రెండో ప్రశ్న: "ఎంత?" పదిహేనేళ్లకు పైగా పాత ఆయుధాలు సేకరిస్తున్నాను. బల్ల మీద పెట్టి చూపిస్తున్నాను, తోటి సేకర్తలతో మార్చుకుంటున్నాను, అప్పుడప్పుడూ అమ్ముతున్నాను. మూడో ప్రశ్న అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఇది ఎవరి మీద పేలింది?" అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు రాయకుండా, కనీసం "తెలియదు" అని కూడా రాయకుండా తుపాకిని జనం ముందు పెట్టేవాడు అబద్ధాన్ని అమ్ముకుంటున్నాడని నా అభియోగం.

ముందు ఈ లోకం గురించి నాలుగు మాటలు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో ఏడాదికి రెండుసార్లు జరిగే వానెన్‌మాకర్ ప్రదర్శనలో బల్లలే నాలుగు వేల పైచిలుకు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకి పురాతన వస్తువు. మామూలు తుపాకికి ఉండే నిబంధనలు చాలావరకు దానికి వర్తించవు. మన దగ్గర అలా కాదు. పాతకాలపుదై, మరమ్మతు చేసినా పేలని ఆయుధాన్ని మాత్రమే 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ తన పరిధి నుంచి వదిలేస్తుంది. 2019 సవరణతో ఒక మనిషి లైసెన్సు మీద ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. తాతముత్తాతల నుంచి వచ్చినవైనా అదే లెక్క. క్యూరియో కింద లెక్కకొచ్చే చిన్న ఆయుధాలను లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవచ్చని 2020లో అన్నారు గానీ, వాడాలన్నా బయటకు తీసుకెళ్లాలన్నా లైసెన్సు కావాల్సిందే. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తు చట్టం కూడా ఉంది. మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. అందుకే నా అమ్మకాలన్నీ లైసెన్సున్న డీలరు ద్వారానే.

ఈ నిబంధనలన్నిటి మధ్య మన ఊళ్లో తుపాకుల ప్రదర్శన అంటే ఏంటంటే, నాణేలూ స్టాంపులూ పాత నోట్లూ పెట్టే హాల్లో ఓ మూల రెండు బల్లలు. వాటి మీద గొట్టం పూడిపోయినవి, గుర్రం విరిగినవి, మందు పోసుకునే కొమ్ములు, సీసపు గుండ్లు పోతపోసే అచ్చులు, తోలు సంచులు, చిరిగిన లైసెన్సు కాగితాలు. వీటి పక్కన ఒక్కో చిన్న అట్టముక్క. నా గొడవంతా ఆ అట్టముక్క మీద ఏం రాస్తాం అన్నదాని గురించే.

నేనుండేది కంచన్‌బాగ్‌లో. ఒక పక్క బార్కస్. బ్యారక్స్ అన్న మాటే నోళ్లలో నలిగి అలా అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో సైనికులుగా చేరిన అరబ్బుల వారసులు ఇంకా అక్కడే ఉన్నారు. తాత కట్టుకున్న జంబియాను బీరువాలో దాచుకున్న ఇళ్లు ఉన్నాయి. ఇంకో పక్క డీఆర్‌డీఎల్, డీఎంఆర్ఎల్, మిధాని, బీడీఎల్. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కవచానికి 'కంచన్' అన్న పేరు మా పేట నుంచే వచ్చింది, దాన్ని డీఎంఆర్ఎల్‌లో తయారుచేశారు గనుక. మా దగ్గర ఆయుధం ఒకరికి తాత జ్ఞాపకం, ఇంకొకరికి నెల జీతం. ఇలాంటి చోట పెరిగినవాడికి తుపాకిని ఉత్త నగిషీపని వస్తువుగా చూడమంటే కష్టం.

ఇక ధర ఎలా పుడుతుందో చూడండి. ఒకే కాలానివి, ఒకే పనితనానివి రెండు తుపాకులున్నాయనుకుందాం. రెండూ గొట్టం మూతి నుంచి మందు కూరేవే. ఒకదాని కర్రకు ఏదో జాగీరు పేరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఉంది. రెండోది ఊరి కమ్మరి చేసిన భర్మార్. నింపు, కొట్టు అన్న రెండు ఉర్దూ మాటలు కలిసి దాని పేరయ్యాయి. ఇత్తడి బిళ్ల ఉన్నదానికి భర్మార్ కన్నా ఎన్నో రెట్లు పలుకుతుంది. ఇనుము అదే, కర్ర అదే. తేడా అంతా నవాబుగారిదే. ఈ తేడా తెలిసినవాళ్లు ఊరికే ఉంటారా? పల్లె నుంచి తెచ్చిన భర్మార్‌కు పాత బిళ్ల ఒకటి అతికించి, "ఫలానా జాగీరు వేట తుపాకి" అని అట్టముక్క పెట్టడం నేను కళ్లారా చూశాను. అది మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోయింది కూడా.

"వేట" అన్న మాట ఈ వ్యాపారంలో సబ్బులాంటిది. ఏ మరకైనా పోతుంది. దొరలు వేటాడారు, నవాబులు వేటాడారు, సరే. అదే చేతులు, అవే తుపాకులు ఇంకేం చేశాయి? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రోజు పేలిన తుపాకి ఏదైనా ఇంకా మిగిలి ఉంటే, ఈపాటికి అది ఎవరి గదిలోనో గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని కింద అట్టముక్క మీద పులి బొమ్మ ఉంటుందే గానీ కొమరయ్య పేరు ఉండదు.

మరి బైరాన్‌పల్లి? రజాకార్ల దాడులను అక్కడి జనం ఊరి బురుజెక్కి భర్మార్లతో ఎదుర్కొన్నారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం సైన్యంతో కలిసి వచ్చి ఊరి మీద పడి జనాన్ని వరసపెట్టి కాల్చారు. ఆ బురుజు మీది భర్మార్ లాంటిది నా బల్ల మీద పెడితే బేరం చేసేవాడే ఉండడు. దానికి నవాబు లేడు కదా!

"కాగితం ఏది?" అంటారు తోటి సేకర్తలు. పుట్టుపూర్వోత్తరాలు చెప్పే కాగితం ఉంటేనే వస్తువుకు విలువ. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ కాగితం ఎవరికి మిగులుతుంది? 1857 జూలై 17న కోఠీ రెసిడెన్సీ మీదికి తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని, రొహిల్లాలను వెంటేసుకుని వెళ్లారు. రెసిడెన్సీలో ఉన్న ప్రతి తుపాకికీ ఏదో ఒక పద్దు ఉండే ఉంటుంది. దాని మీదికి వెళ్లినవాళ్ల తుపాకులకు పద్దు ఎవరు రాస్తారు? ఆంధ్ర వైపు ఇంగ్లీషు పాలనలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, యూరోపియన్‌కు మినహాయింపు. కాగితం ఎవరి దగ్గర ఉండాలో అప్పుడే తేలిపోయింది. కాగితం లేనిదానికి విలువ లేదనే సేకర్త, తనకు తెలియకుండానే, ఆ చట్టాన్ని ఇంకా అమలు చేస్తున్నాడు.

కాగితం విషయంలో ఒకే ఒక్కడు వాళ్ల ఆట వాళ్లకే అప్పజెప్పాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేశాడు. తీసుకుపోయిన తుపాకులు, తూటాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు. తెలుగు నేల మీద తుపాకికి అంతకన్నా నిఖార్సైన అట్టముక్క నాకు తెలిసి లేదు. ఎవరి దగ్గర ఉండేది, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, ఎన్ని. అన్నీ ఉన్నాయి.

పెద్ద మార్కెట్లో మాత్రం ఏం జరుగుతోంది? 2023 మే నెలలో బోనమ్స్ సంస్థ లండన్‌లో టిప్పు సుల్తాన్ ఖడ్గాన్ని వేలం వేస్తే కోటీ నలభై లక్షల పౌండ్లు దాటింది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ కత్తి జనరల్ బెయిర్డ్‌కు బహుమానంగా దక్కింది. ఆ ముట్టడిలో మన నిజాం సైన్యం ఇంగ్లీషువాళ్ల పక్కనే ఉంది. ఇక్కడ దోపిడీని ఎవరూ దాచలేదు. ఆ చరిత్ర వల్లే ధర ఇంకా పెరిగింది. పట్టుకున్న చేతికి ధర ఉంది, లాక్కున్న చేతికీ ధర ఉంది. కోట గోడ దగ్గర పడిపోయిన మామూలు సిపాయిలకు ఆ లెక్కలో పైసా లేదు.

"రాజకీయాలు బల్ల మీదికెందుకన్నా?" అని అడుగుతారు. కొన్నేళ్ల కిందట ఒక ప్రదర్శనలో నేను ఓ భర్మార్ పెట్టాను. అట్టముక్క మీద ఇలా రాశాను: "తయారీ: ఊరి కమ్మరి. దొరికింది: నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. వాడింది: రజాకార్ల రోజుల్లో ఊరి కాపలాకు. చెప్పినవారు: ఇచ్చిన కుటుంబం. నిర్ధారణ కాలేదు." నిర్వాహకుల్లో ఒకాయన వచ్చి, "అన్నా, కొనేటోళ్లు బెదుర్తరు. గా అట్ట తీసెయ్, తుపాకి ఉండనీ" అన్నాడు. అట్ట తీయాలంటే తుపాకీ తీస్తానన్నాను, తీశాను. తర్వాతి ప్రదర్శనకు నాకు బల్ల దొరకలేదు. పక్క బల్ల మీద "నవాబుగారి వేట తుపాకి" మాత్రం ఎవరినీ బెదిరించలేదు. అది రాజకీయం కాదట!

బార్కస్‌కు చెందిన ఓ తోటి సేకర్త అడిగిన ప్రశ్న వేరు. "భాయ్, రజాకార్ల పేరు రాస్తున్నవు. మరి పోలీస్ యాక్షన్ తర్వాత మావాళ్లకు అయింది ఎవరు రాస్తరు?" ఇది తప్పించుకునే ప్రశ్న కాదు. 1948 సెప్టెంబర్ తర్వాత జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండను చూసి రావడానికి కేంద్రం సుందర్‌లాల్ కమిటీని పంపింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని ఆ కమిటీ అంచనా. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ముస్లింల దగ్గర ఆయుధాలు తీసేసుకున్నారని, హిందువుల దగ్గర చాలాచోట్ల వదిలేశారని ఆ రోజుల గురించి వచ్చిన కథనాలు చెబుతున్నాయి. అంటే ఆగస్టులో ఊరిని కాపాడిన భర్మారే అక్టోబర్‌లో పక్కింటివాడి మీదికి తిరిగి ఉండొచ్చు. నా దగ్గర ఆ కాలంలో చేతులు మారిన తుపాకి ఒకటుంది. దాని అట్టముక్క తీసి ఆయనకు చూపించాను. అందులో ఆ వాక్యం కూడా ఉంది. మూడో ప్రశ్న అడగడం మొదలుపెట్టాక మనకు నచ్చిన చోట ఆపడం కుదరదు.

ఇక మీ వైపు వస్తాను. మీరంటే కథలూ కవితలూ చదివేవాళ్లు. "అసలు తుపాకులు దాచుకోవడం ఏంటి, అన్నిటినీ కరిగించెయ్యక?" అని నన్ను నిలదీసినవాళ్లలో మీవాళ్లే ఎక్కువ. పేలే నాటు తుపాకుల్ని కరిగించాల్సిందే, నాకు పేచీ లేదు. చచ్చిన తుపాకిని కరిగిస్తే మాత్రం నష్టపోయేది చంపినవాడు కాదు. వాడికి ఫొటోలున్నాయి, గడీ ఉంది, పుస్తకాల్లో పేరుంది. చచ్చినవాడి వైపు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం కొలిమిలోకి పోతుంది. ఇంకో మాట. మన కవిత్వంలో తుపాకి ఎంత సులువుగా పేలుతుందో! భర్మార్‌ను ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి. మందు కొలిచి పోయాలి, గజంతో కూరాలి, గుండు వెయ్యాలి, మళ్లీ కూరాలి, టోపీ పెట్టాలి, అప్పుడు గురి. ఒక్క దెబ్బ కొట్టి మళ్లీ మొదటి నుంచి. మందు తడిస్తే అంతే సంగతులు. దాన్ని పట్టుకుని బురుజెక్కినవాడి ధైర్యం ఎంతటిదో, భయం ఎంతటిదో ఉపమానాలతో తెలియదు. బరువు చూస్తే తెలుస్తుంది.

ఒక ప్రమాదం ఉంది, ఒప్పుకుంటాను. రేపు తిరుగుబాటుకు ధర పెరిగితే, ఇవాళ జాగీరు బిళ్ల అతికించేవాళ్లే "సాయుధ పోరాటపు తుపాకి" అని కథలు అల్లుతారు. అందుకే నేనడిగేది ఇంకో వీరగాథ కాదు. ప్రతి అట్టముక్క మీద నాలుగు వరసలు ఉండాలి: ఎవరు చేశారు, ఎవరు పట్టుకున్నారు, ఎవరి వైపు గురిపెట్టారు, ఈ బల్ల మీదికి ఎలా వచ్చింది. ప్రతి వరస పక్కన ఆ మాట ఎవరు చెప్పారో ఉండాలి. తెలియకపోతే "తెలియదు" అని రాయాలి. నవాబు తుపాకికీ ఇదే నియమం, కమ్మరి తుపాకికీ ఇదే. బల్లలు అద్దెకిచ్చే నిర్వాహకులు దీన్ని షరతుగా పెట్టొచ్చు, ఖర్చేమీ లేదు. మ్యూజియంలు కూడా పొడవు, లోహం, శతాబ్దం రాసి ఊరుకోకుండా ఇంకో వరస చేర్చొచ్చు. మా పేటలో తయారయ్యేవాటి నమూనాల పక్కన కూడా వేగం, బరువు, దూరం మాత్రమే రాస్తారు. వందేళ్ల తర్వాత వాటిని సేకరించేవాడికైనా ఆ మిగతా వరస దొరకాలి.

నాకు ఇప్పుడు ఇంకో హాల్లో, మెట్ల పక్కన, వెలుతురు సరిగ్గా పడని చోట ఒక బల్ల దొరికింది. ఆ నల్లగొండ భర్మార్ దాని మీదే ఉంటోంది, అట్టముక్కతో సహా. ఇంకా అమ్ముడుపోలేదు. అట్టముక్క లేకుండా ఇస్తే కొంటామన్నవాళ్లు ఇద్దరొచ్చారు. ఇవ్వలేదు, ఇవ్వను.