చెప్పుల కాపలా

ఎండాకాలం సెలవులొస్తే చాలు, నలుగురు చేరిన చోటల్లా పాత ముచ్చట్లు మొదలు. "ఆ రోజుల్లో మద్రాసు సముద్రానికి పోయినప్పుడూ..." అని మగవారు అందుకుంటారు. కెరటాలట, గుర్రపు సవారీయట, కాగితం పొట్లంలో సుండలట! వినడానికి బాగానే ఉంటుంది. ఇంతకూ ఆ కథలో అమ్మ ఎక్కడుందండీ?

మా తాడిపత్రికి పెన్న ఉంది. నందిదుర్గం కొండల వైపు పుట్టి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఆ తల్లి, మా దగ్గర ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే చూపిస్తుంది. సముద్రం చూడాలంటే రైలే దిక్కు. బొంబాయి-మద్రాసు లైను మా ఊరి మీదుగానే గదా! తిరుపతి మొక్కు తీర్చుకుని, అటునుంచటే మద్రాసు పోయి, మెరీనాలో ఒక పూట గడిపి రావడం - అదీ మా విహారం.

ఆ పూట కోసం నిప్పట్లు కాల్చిందీ, చిత్రాన్నం కలిపిందీ, మరచెంబులు నింపిందీ ఆవిడే. తీరా ఇసుకలో అడుగు పెట్టగానే, "నువ్విక్కడ కూర్చుని చెప్పులు చూస్తుండు" అనేసి అందరూ పరుగు! ఊళ్లో నీళ్లు బిందెల లెక్కన వాడుకునే మనిషి, అంత నీటిని దూరం నుంచి చూసి తిరిగి రావాలి.

మెరీనాలో 1959లో నెలకొల్పిన శ్రమ విజయ విగ్రహం ఉంది. దేవీప్రసాద్ రాయ్ చౌదురి చేసింది. బండను కదిలించే ఆ నలుగురూ మగవాళ్లే. సంచుల మధ్య కూర్చున్న ఐదో మనిషి శ్రమ ఏ శిల్పికి కనిపిస్తుంది లెండి!

"తనే రానంది, చీర తడుస్తుందని" అంటారు. తడిస్తే మార్చుకునే చోటు మీరేమైనా చూసిపెట్టారా? "ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా!" ఉండాలి. ఎప్పుడూ ఆ ఒకరేనా? వంతులేసుకుంటే తలా పావుగంట పని. మనలో మాట, కోడలు మోకాలిదాకా నీళ్లలో దిగితే మూతి తిప్పే అత్తగార్లూ ఉన్నారు. ఒకప్పుడు తామూ చెప్పుల పక్క కూర్చున్నవారేనని మరిచిపోతే ఎలా?

మద్రాసు 1996లో చెన్నై అయింది. కాపలా మాత్రం చేతులు మారలేదు. ఈ సెలవులకు బయల్దేరే ముందే చెప్పేయండి: మొదటి వంతు నీళ్లలో నాది అని. చెప్పులు పోతాయంటారా? పోనివ్వండి. తాడిపత్రిలో చెప్పుల అంగళ్లకేం కొదవ? లేనిదల్లా సముద్రమే!